వీసా చేతికొచ్చింది సరే, అకామా ఎవరి చేతిలో ఉన్నది?

(గల్ఫ్‌కు పోయినవాళ్ళ, పోవాలనుకునేవాళ్ళ కుటుంబాలతో జగిత్యాల ప్రాంతంలో జరిపిన సమావేశంలో మా తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మేము భూమి గురించి మాట్లాడటానికి రాలేదు. కూలి రేట్ల గురించి కూడా రాలేదు. కాయితాల గురించి మాట్లాడటానికి వచ్చాం. పాస్‌పోర్టు, వీసా, అకామా. ఈ మూడు మాటలు మన వాడల్లో చిన్న పిల్లలకు కూడా నోటికొచ్చు. ఎవరింటికి పోయినా ఒకరు దుబాయిలోనో, మస్కట్‌లోనో, సౌదీలోనో ఉన్నారు. కానీ ఈ మూడు కాయితాల్లో ఏది ఎవరిస్తారు, దేనికి ఎవరు పైసలు కట్టాలి, ఏది పోతే మనిషి గతి ఏమవుతుంది అని అడగండి. చెప్పేవాళ్ళు తక్కువ. అన్నీ తెలిసినవాడు ఏజెంటు. వాడు చెప్పడు.

తెలియని కాయితం మీద వేలిముద్ర వేసి సముద్రం దాటడం మనకు కొత్త కాదు. 1860లో మద్రాసు రేవు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు, చెరకు తోటల పనికి మొదటి ఓడ పోయింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి అలాంటి ఓడల్లో తెలుగు కూలీలు పోయారు, వాళ్ళలో మాలలు, మాదిగలు ఉన్నారు. ఐదేళ్ళ ఒప్పందం. అగ్రిమెంటు అనే మాట నోరు తిరగక గిరిమిట్ అన్నారు. ఆ కాయితంలో ఏం రాసి ఉందో వేలు పెట్టినవాడికి తెలియదు. ఆ పద్ధతి 1917లో ఆగింది. వేలిముద్ర మాత్రం ఆగలేదు. అప్పుడు సిరాలో ముంచి పెట్టాం, ఇప్పుడు యంత్రం మీద పెడుతున్నాం.

మొదట పాస్‌పోర్టు సంగతి చూద్దాం. పదో తరగతి పాసైనవాడి పాస్‌పోర్టు వేరు, కానివాడి పాస్‌పోర్టు వేరు. కానివాడి దాని మీద ఇ.సి.ఆర్. అని ఉంటుంది. అంటే వాడు కొన్ని దేశాలకు పనికి పోవాలంటే వలస అధికారి అనుమతి తీసుకోవాలి. 1983 వలస చట్టం పెట్టిన పద్ధతి ఇది. గల్ఫ్ దేశాలు ఆరూ ఆ జాబితాలో ఉన్నాయి. మరి పదో తరగతి దాటనిది ఎవరు? బడికి పోవాల్సిన వయసులో బర్ల వెనక, గొర్ల వెనక పోయింది ఎవరు? పాస్‌పోర్టులో కులం రాయరు. అయినా ఇ.సి.ఆర్. పాస్‌పోర్టులన్నీ ఒకచోట కుప్ప పోస్తే అవి ఏ వాడల నుంచి వచ్చాయో మేము చెప్పనక్కర్లేదు.

కొందరు అంటారు, ఈ అనుమతి మనకు అడ్డం, దీన్ని తప్పించుకుంటేనే మేలు అని. మేము ఒప్పుకోం. ఆ అనుమతి సరిగ్గా తీసుకుంటే యజమాని ఎవరు, జీతం ఎంత, పంపిన ఏజెంటు ఎవరు అన్నది ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ లెక్కల్లో ఎక్కుతుంది. ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే, శాశ్వతంగా అవిటివాడైతే 10 లక్షలు. ఏజెంటుకు ఈ అనుమతి అంటే ఎందుకు కంటగింపు? వాడి పేరు లెక్కలోకి వస్తుంది కాబట్టి. అందుకే మనవాణ్ణి చుట్టపు చూపు వీసా మీద, అదే విజిట్ వీసా మీద, విమానం ఎక్కిస్తాడు. "అక్కడికి పోయాక మార్పిస్తాం తమ్మీ" అంటాడు. ఎయిర్‌పోర్టులో అడిగితే బంధువుల దగ్గరికి పోతున్నానని చెప్పమంటాడు. మనవాడు ఆ అబద్ధం చెప్పిన నిమిషం నుంచి ప్రభుత్వ లెక్కలో పనివాడు కాడు, యాత్రికుడు. యాత్రికుడికి జీతం ఎగ్గొడితే ఏ లేబర్ కోర్టు వింటుంది? విజిట్ వీసా మీద పని చేయడమే అక్కడ నేరం.

ఇక ఏజెంటుకు ఇచ్చే పైసలు. రిజిస్టరైన ఏజెంటు పనివాడి దగ్గర తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జి.ఎస్.టి. అంతకన్నా పైసా ఎక్కువ తీసుకోకూడదు. తీసుకున్నదానికి రసీదు ఇవ్వాలి. ఊళ్ళో మోటార్ సైకిల్ మీద తిరుగుతూ పాస్‌పోర్టులు జమ చేసే సబ్ ఏజెంటుకు చట్టంలో చోటే లేదు. అయినా మన వాడల్లో లక్ష, లక్షన్నర, రెండు లక్షలు కట్టినవాళ్ళే కనపడుతున్నారు. రసీదు ఏదంటే నవ్వుతారు.

"అది వీసా ధర సార్, అరబ్బు వాడు అమ్ముతున్నాడు" అంటారు. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. సౌదీ కార్మిక చట్టం 40వ అధికరణం ఏమంటున్నది? పనివాణ్ణి తెచ్చుకునే ఖర్చు, అకామా రుసుము, వర్క్ పర్మిట్ రుసుము, వాటిని తిరగ రాయించే ఖర్చు, ఆలస్యమైతే పడే జరిమానా, పని అయిపోయాక ఇంటికి టికెట్, ఇవన్నీ యజమానివే అంటున్నది. ఎమిరేట్స్ 2021 కార్మిక చట్టం కూడా నియామకపు ఖర్చు పనివాడి మీద వేయకూడదనే చెప్పింది. అంటే చట్ట ప్రకారం మన చేతికి ఉచితంగా రావాల్సిన కాయితం మీద ఇక్కడొకడు, బొంబాయిలో ఒకడు, అక్కడొకడు తలా కొంత లాభం వేసుకుని మనకు అమ్ముతున్నారు. వీసాకు ధర లేదు. ధర పెట్టినవాడు దొంగ.

వీటిల్లో మరీ చెడ్డది ఆజాద్ వీసా. పేరు చూడండి, ఆజాద్! కాయితం మీద ఒక కఫీలు ఉంటాడు, అతని దగ్గర పనే ఉండదు. మనవాడు బయట దొరికిన పని చేసుకోవాలి, ఏటా కఫీలుకు పైసలు కట్టి అకామా రాయించుకోవాలి. కఫీలు దగ్గర కాక బయట పని చేస్తూ దొరికితే శిక్ష మనవాడికి. ఆజాదీ ఎక్కడున్నది ఇందులో?

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. మెడికల్‌లో ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. ఎప్పుడో టి.బి. వచ్చి పూర్తిగా తగ్గినవాడికి కూడా ఊపిరితిత్తి మీద మచ్చ ఉంటే అన్‌ఫిట్ అంటారు. మన పల్లెల్లో ఆ మచ్చ ఎంతమందికి లేదు? కాబట్టి ఏజెంటుకు అడ్వాన్సు ఇవ్వకముందే దగ్గరి సర్కారు దవాఖానలో ఎక్స్‌రే తీయించుకోండి. మచ్చ ఉన్నదో లేదో ముందు తెలిస్తే పైసలన్నా దక్కుతాయి.

ఈ లక్షన్నర ఎక్కడిది? బ్యాంకు ఇవ్వదు. లావణి పట్టా భూమి, ఎకరమో ఎకరంన్నరో, షావుకారు చేతిలో పెడుతున్నాం. 1977లో అసైన్డ్ భూముల చట్టం చేసిందే పేదవాడి భూమిని పెత్తందారు రాయించుకోకుండా. రాయించుకోవడం లేదు వాళ్ళు. పట్టా పాస్‌బుక్కు ఇంట్లో పెట్టుకుని భూమి దున్నుకుంటున్నారు. లెక్క వేద్దాం రండి. లక్షన్నరకు నూటికి మూడు రూపాయల మిత్తి అంటే నెలకు 4,500. ఒప్పందంలో 1,200 రియాళ్ళు అన్నారు, చేతికి 800 వస్తున్నది. రియాలు 23 రూపాయలు అనుకుంటే 18,400. తిండికి 300 రియాళ్ళు, అంటే 6,900 పోను 11,500. మిత్తి పోను 7,000. ఆ ఏడు వేలల్లోనే ఇక్కడ ముసలి తల్లిదండ్రులు, పెండ్లాం పిల్లలు బతకాలి, అందులోనే అసలు తీరాలి. ఒక నెల జీతం ఆగిందా, మిత్తికి మిత్తి. రెండేళ్ళ వీసా అయిపోయేసరికి అసలు అట్లనే ఉంటుంది. భూమి షావుకారు దగ్గరే ఉంటుంది.

సరే, అప్పు చేశాం, వీసా వచ్చింది, విమానం దిగాం. ఇప్పుడు అసలు సంగతి. వీసా అనేది గడప దాటనిచ్చే కాయితం మాత్రమే. ఆ దేశంలో ఉండనిచ్చేది, పని చేయనిచ్చేది అకామా. కువైట్‌లో సివిల్ ఐ.డి. అంటారు, దుబాయి వైపు ఎమిరేట్స్ ఐ.డి. పేరు ఏదైనా, మెడలో ప్రాణం ఉన్నంత అవసరం ఆ కార్డు. సౌదీలో దిగిన 90 రోజుల లోపల యజమాని అకామా తీయించాలి. ఎమిరేట్స్‌లో 60 రోజుల లోపల మెడికల్, ఐ.డి. పనులు పూర్తి కావాలి. అది లేనివాడు రోడ్డు మీదికి రాలేడు. బ్యాంకు నుంచి ఇంటికి పైసలు పంపలేడు. రోగమొస్తే బీమా ఉండదు. తల్లి చనిపోయిందని కబురొస్తే విమానం ఎక్కలేడు, ఎగ్జిట్ దొరకదు.

కఫీలు అకామా తీయించకపోతే, గడువు దాటాక తిరగ రాయించకపోతే, తప్పు ఎవరిది? కఫీలుది. పోలీసు ఎవర్ని పట్టుకుంటాడు? మనవాణ్ణి. పైగా జీతం అడిగినందుకు కోపమొచ్చిన కఫీలు "నా పనివాడు పారిపోయాడు" అని ఫిర్యాదు పెడతాడు. దాన్ని సౌదీలో హురూబ్ అంటారు. మనవాడు అదే గదిలో పడుకుని ఉంటాడు, ప్రభుత్వ లెక్కలో పారిపోయినవాడు. ఇట్లా కాయితం లేకుండా మిగిలినవాళ్ళకు మనోళ్ళే పెట్టుకున్న పేరు ఖల్లివెల్లి. అరబ్బీలో ఆ మాట పోతే పోనీ అన్నట్టు వాడతారు. మనిషిని అట్లా పిలుచుకునే దాకా వచ్చింది.

ఇప్పుడు మేము చెప్పేది అందరూ, ముఖ్యంగా కార్యకర్తలు, జాగ్రత్తగా వినాలి. అకామా మీద పని పేరు రాసి ఉంటుంది. ఆ పేరును బట్టే హక్కు. 2021 మార్చిలో సౌదీ ప్రభుత్వం కొన్ని మార్పులు తెచ్చింది. ఏడాది పని చేసినవాడు కఫీలు ఒప్పుకోకున్నా వేరే చోటికి మారొచ్చు, సెలవు మీద దేశం దాటడానికి అతని దయ అక్కర్లేదు అన్నది. అంతకన్నా ముందే మారే దారులు కూడా ఉన్నాయి. మూడు నెలలు వరుసగా జీతం ఇవ్వకపోయినా, అకామా గడువు దాటిపోయినా, పని ఒప్పందాన్ని మూడు నెలల్లో ప్రభుత్వ లెక్కలో ఎక్కించకపోయినా కఫీలు సమ్మతి లేకుండా మారొచ్చు. మంచిదే. కానీ ఈ 2021 మార్పులో ఎవర్ని చేర్చలేదో తెలుసా? ఇంటి పనివాళ్ళను, ఇంటి డ్రైవర్లను, తోటమాలిని, వ్యవసాయ కూలీని, గొర్లు కాసేవాణ్ణి. మన వాడల నుంచి పోయేవాళ్ళలో ఎక్కువమంది చేసేది ఇవే పనులు కదా! ఇక్కడ కూలి చట్టాల్లో వ్యవసాయ కూలీ ఎప్పుడూ చివర, అక్కడా చివరే.

అందుకే ఏజెంటు వీసా చూపించినప్పుడు జీతం ఎంత అని ఒక్కటే అడగొద్దు. పని పేరు ఏమని రాశారో అరబ్బీ చదవగలిగినవాడి చేత చదివించండి. మసీదు దగ్గర చదివేవాళ్ళు దొరుకుతారు, మన ముస్లిం తమ్ముళ్ళు కాదనరు. 'ఆమిల్ మంజిలీ' అని ఉంటే ఇంటి పనివాడు. 'సాయిక్ ఖాస్' అని ఉంటే ఇంటి డ్రైవరు. కంపెనీ హెల్పరు అని చెప్పి ఈ వీసా ఇచ్చాడా, అక్కడ దిగాక ఎడారిలో గొర్ల మంద దగ్గర వదిలేస్తారు. అడగడానికి పక్కన మనిషి ఉండడు.

ఖతార్ విషయం కొంత మెరుగు. 2020లో యజమాని ఎన్.ఓ.సి. లేకుండా పని మారే హక్కు ఇచ్చారు, అందులో ఇంటి పనివాళ్ళను కూడా కలిపారు. 2021 మార్చి నుంచి కనీస వేతనం 1,000 రియాళ్ళు, యజమాని వసతి, తిండి ఇవ్వకపోతే వాటికి వేరే 500, 300. ఖతార్ వీసా కేంద్రం హైదరాబాదులోనే ఉన్నది. మెడికల్, వేలిముద్రలు, ఒప్పందం మీద సంతకం, అన్నీ పోకముందే అక్కడ అవుతాయి. సంతకం పెట్టే ముందు చదివి చెప్పమని అడగండి, సిగ్గు పడొద్దు. ఏజెంటు చెప్పిన జీతం, ఆ కాయితంలోని జీతం ఒకటి కాకపోతే అక్కడే లేచి రావచ్చు. అక్కడి నుంచి ఇంటికి బస్సు చార్జీయే నష్టం.

ఎమిరేట్స్ వాళ్ళు 2016 నుంచి పని ఒప్పందాన్ని పనివాడికి తెలిసిన భాషలో చూపించాలని నియమం పెట్టారు. పదకొండు భాషలు ఎంచారు. అరబ్బీ, ఇంగ్లీషు కాక హిందీ, ఉర్దూ, మలయాళం, తమిళం, బెంగాలీ, నేపాలీ, సింహళం కూడా ఉన్నాయి. తెలుగు లేదు. ఇన్ని లక్షలమంది తెలుగువాళ్ళు అక్కడ ఇటుక మోసి మేడలు కట్టారు. తెలుగు జాతి, తెలుగు వెలుగు అని ప్రపంచ మహాసభలు పెట్టేవాళ్ళలో ఎవరైనా ఆ ఒక్క కాయితం తెలుగులో కావాలని అడిగారా?

పాస్‌పోర్టు గుంజుకోవడం గురించి ఒక మాట. దిగిన రోజే కఫీలు తీసుకుని బీరువాలో పెడతాడు. "భద్రంగా ఉంటుంది" అంటాడు. సౌదీలో అయినా, కువైట్‌లో అయినా, ఎమిరేట్స్‌లో అయినా అది చట్ట విరుద్ధం. అయినా జరుగుతున్నది. మన తాత దొర దగ్గర జీతం ఉన్నప్పుడు దొర దగ్గర ఒక నోటు ఉండేది. ఆ నోటు తీరేదాకా కొడుకు కూడా కదలడానికి లేదు. 1976లో వెట్టిచాకిరీ నిషేధ చట్టం వచ్చింది, ఆ నోట్లు చెల్లవన్నది. ఇప్పుడు మనవాడు రెండు నోట్ల మధ్య ఉన్నాడు. ఊళ్ళో షావుకారు దగ్గర అప్పు నోటు, అక్కడ కఫీలు బీరువాలో పాస్‌పోర్టు. ఇటు రాలేడు, అటు ఉండలేడు.

ఇక ఆడవాళ్ళ సంగతి. మన జిల్లాల నుంచి ఎక్కువ మగవాళ్ళు పోతున్నారు కాబట్టి ఇక్కడ దీని గురించి మాట్లాడటం తక్కువ. గోదావరి జిల్లాల్లో రాజోలు, అమలాపురం వైపు, కడప జిల్లా పల్లెల్లో, దళిత ఆడవాళ్ళే కువైట్ పోయి ఇళ్ళు నిలబెడుతున్నారు. వాళ్ళకు దొరికేది 20 నంబరు వీసా, అంటే ఇంటి పని వీసా. కంపెనీ పనివాళ్ళది 18 నంబరు. ఇరవై నుంచి పద్దెనిమిదికి మారడం కష్టం. 2024లో జూలై నుంచి సెప్టెంబరు దాకా రెండు నెలలు మాత్రం తలుపు తెరిచి మూశారు. కువైట్‌లో ఇంటి పనివాళ్ళకు 2015లో ప్రత్యేక చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవు, ఏటా నెల రోజుల జీతంతో సెలవు, పాస్‌పోర్టు యజమాని పెట్టుకోకూడదు. 2016లో కనీస జీతం 60 దినార్లు అన్నారు. చట్టం ఉన్నది, నాలుగు గోడల లోపల చూసేవాడు లేడు.

మన ప్రభుత్వం ఏం చేసింది? ఇ.సి.ఆర్. ఉన్న ఆడవాళ్ళకు ముప్పై ఏళ్ళు నిండకపోతే అనుమతి లేదన్నది. 2016 నుంచి నిండినవాళ్ళు కూడా ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలన్నది. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓమ్‌క్యాప్. ఉద్దేశం మంచిదే అనుకుందాం. కానీ ఆ సంస్థ తలుపు రాజోలు పల్లెలో ఉన్న అక్కకు కనపడదు. ఏజెంటు గడప దగ్గరికే వస్తాడు. వయసు ఎక్కువ వేయిస్తాడు, విజిట్ వీసా మీద మస్కట్‌కో దుబాయికో చేర్చి అక్కడి నుంచి మరో ఇంటికి అమ్ముతాడు. ఆడవాళ్ళు పోవద్దని మేము అనం. పోవద్దని చెప్పడానికి ఇక్కడ వాళ్ళకు ఏం పెట్టాం? పోయే దారి దొంగదారి కాకూడదు అంటున్నాం, ఆ ప్రభుత్వ సంస్థలు మండలానికి రావాలి అంటున్నాం.

పోరాడితే కాయితం మారుతుంది. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం గల్ఫ్ పనివాళ్ళకు తాను నిర్ణయించే కనీస వేతనాన్ని బాగా కోసేసింది. తెలంగాణ హైకోర్టులో పిటిషన్ పడింది, గల్ఫ్ కార్మికులు గొడవ చేశారు. 2021లో ఆ ఉత్తర్వులు వెనక్కి పోయాయి. 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షలు ఇస్తామని ఉత్తర్వు ఇచ్చింది. అదీ ఏళ్ళ తరబడి శవపేటికల ముందు కూర్చుని అడిగిన తల్లుల వల్లే. ఇంకోవైపు, కువైట్ 2025 జూలై నుంచి 18 నంబరు వీసా వాళ్ళు దేశం దాటాలంటే యజమాని అనుమతి తేవాలని కొత్తగా పెట్టింది. ఒకచోట సడలితే ఒకచోట బిగిస్తున్నారు.

కార్యకర్తలు చేయాల్సిన పని పెద్దదేం కాదు, విడవకుండా చేయాల్సింది. ప్రతి వాడలో ఒక నోటు పుస్తకం పెట్టండి. పోయే ప్రతి మనిషి పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, ఏజెంటు లైసెన్సు నంబరు జిరాక్సు తీసి రెండు సెట్లు, ఒకటి ఇంట్లో, ఒకటి మన దగ్గర. ఆ లైసెన్సు నంబరు ఈ-మైగ్రేట్‌లో ఉన్నదో లేదో పైసలు ఇవ్వకముందు చూడాలి, ఇచ్చాక కాదు. పైసలు చేతికి ఇవ్వొద్దు, బ్యాంకులో వేయండి. అక్కడికి పోయాక అకామా రాగానే ఫోనులో ఫొటో తీసి ఇంటికి పంపమనండి. గడువు తేదీ మన పుస్తకంలో రాసుకోండి. సౌదీలో అయితే అబ్షర్ యాప్‌లో తన అకామా బతికి ఉందో లేదో తనే చూసుకోవచ్చు. గడువు దాటిన రోజు నుంచే అడగడం మొదలుపెట్టాలి, పట్టుబడే దాకా ఆగొద్దు.

అకామా లేనివాళ్ళు భయపడి దాక్కోవద్దు. క్షమాభిక్ష ప్రకటించినప్పుడు జరిమానా లేకుండా రావచ్చు. కువైట్ 2018లో, 2024లో ఇచ్చింది, ఎమిరేట్స్ 2018లో, 2024లో ఇచ్చింది. ఆ కబురు మనవాళ్ళకు ఆఖరి వారంలో తెలుస్తున్నది. అది మనం మార్చాలి. పాస్‌పోర్టు కఫీలు దగ్గర ఉన్నా భారత రాయబార కార్యాలయం ఔట్ పాస్ ఇస్తుంది. టికెట్‌కు లేకపోతే, శవాన్ని తేవాలన్నా, అక్కడ సంక్షేమ నిధి ఉన్నది, 2009 నుంచి. అది దానం కాదు, పాస్‌పోర్టు, వీసా సేవల మీద మన దగ్గర వసూలు చేసిన సొమ్మే. మదద్ అనే చోట ఫిర్యాదు రాయించండి. 1800 11 3090 నంబరుకు ఇక్కడి నుంచి ఫోను చేస్తే పైసలు పడవు.

మేము చెప్పేది అయిపోయింది. చెట్టు కింద బల్ల వేశాం, జిరాక్సు మిషను తెచ్చాం. పాస్‌పోర్టు తెచ్చినవాళ్ళు వరుసగా రండి. సౌదీ నుంచి అకామా ఫొటోలు ఫోనులో ఉన్న అక్కలు ముందు రండి, తేదీలు చూద్దాం.